తేదీ అందరిదీ, కబురు ఒకరిది

నల్లగొండ గడియారం సెంటర్‌కు నాలుగడుగుల దూరంలో నాకొక చిన్న దుకాణం ఉంది. జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తులు, లామినేషన్. కౌంటర్ మీది కంప్యూటర్ తెర సగం నా వైపు, సగం వచ్చినవాళ్ల వైపు తిరిగి ఉంటుంది. పేరులో అక్షరం తప్పు పడిందేమో, పుట్టిన తేదీ సరిగ్గా కొట్టానో లేదో, ఆధార్ అంకెలు కలిశాయో లేదో వాళ్లు కళ్లారా చూసుకోవాలి. చూసుకోనిదే సబ్మిట్ నొక్కనివ్వరు, నేనూ నొక్కను. పదిహేడేళ్లుగా ఇదే పద్ధతి.

రోజంతా ఈ తెర మీద నువ్వు ఎక్కువసార్లు నొక్కేది ఏదని అడిగితే ప్రింట్ బటన్ అని ఠక్కున చెప్పేవాణ్ని. ఒకరోజు కావాలని గమనించుకున్నాను. ప్రింట్ తర్వాత నా చెయ్యి ఎక్కువగా పోతున్నది మూలన ఉన్న గడియారం మీదికి. టైం కోసం కాదు, తేదీల కోసం. "సారూ, రెండో శనివారం ఎన్నడు పడ్తది?" "వచ్చే సోమారం ఎన్నో తారీఖు?" "ఇయ్యాల్టి సంది పదిహేను రోజులంటే ఎప్పటిదాంక?" ఇవే ప్రశ్నలు. 2015 సెప్టెంబర్ 1 నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. కనగల్ నుంచో తిప్పర్తి నుంచో బస్సెక్కి వచ్చే మనిషికి ఆ ఒక్క తేదీ తప్పితే ఒక రోజు కూలీ, రానూపోనూ చార్జీలు పోయినట్టే. అందుకే అడుగుతారు. నేను గడియారం మీద నొక్కుతాను, నెల తెరుచుకుంటుంది, వేలు పెట్టి చూపిస్తాను. వాళ్లూ తెర మీదికి వంగి చూస్తారు.

పోయిన వానాకాలంలో ఇలాగే చూపించబోయి ఒక తప్పు చేశాను. ఈ వ్యాసం రాస్తున్నది దాని గురించే.

ఆ ఉదయం ఒకామె తన రక్తపరీక్ష రిపోర్టును ప్రింట్ తీయమని మా దుకాణం మెయిల్‌కు పంపింది. తీసిచ్చాను, ఆమె వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చి రెండో శనివారం సంగతే అడిగాడు. అప్పుడు కౌంటర్ మీద ఉన్న సిస్టంలో గడియారం నొక్కితే క్యాలెండర్ ఒక్కటే రాదు. వచ్చిన నోటిఫికేషన్లన్నీ వరుసగా పేర్చి, వాటి పక్కన నెలను చూపిస్తుంది. నేను నొక్కగానే తేదీల కంటే ముందు పెద్దాయన కంట్లో పడ్డది ఆమె పేరు, ల్యాబ్ పేరు, పరీక్ష పేరు. "ఈమె మా గల్లీ ఆమెనే గదా బిడ్డా! గిదేం పరీక్ష? ఏమైంది?" అన్నాడు. నాకెరుక లేదని చెప్పి ప్యానెల్ మూసేశాను. ఆయన చెడ్డ మనసుతో అడగలేదు. పక్కింటి మనిషికి ఏమైందోనన్న కంగారు ఆయన గొంతులో వినిపించింది. కానీ కంగారుకు కాళ్లుంటాయి, అది గల్లీ అంతా తిరుగుతుంది. నాలుగు రోజుల తర్వాత ఆమె వచ్చింది. గొడవ పెట్టుకోలేదు. "అన్నా, ఇగ నా కాయితాలు నీ మెయిల్‌కు పంపను" అని ఒక్క మాట అని, చేతిలో ఉన్న కాగితం జిరాక్స్ తీయించుకుని వెళ్లిపోయింది.

ఆమె అన్న మాట ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. మెయిల్ తెరిచి ఉంచడం నా తప్పే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ క్షణంలో నేను తెరిచింది మెయిల్ కాదు. తేదీ చూద్దామని గడియారం మీద నొక్కాను, అంతే. తేదీ అడిగిన మనిషికి ఎవరిదో కబురు చూపించమని ఆ ప్యానెల్‌కు నేను చెప్పలేదు.

తేదీ అందరిదీ. ఈరోజు ఎన్నో తారీఖు అన్నది ఎవరు అడిగినా చెప్పొచ్చు, ఎవరి ముందైనా చెప్పొచ్చు. కబురు మాత్రం ఒకరిది. అది ఎవరికి వచ్చిందో వాళ్లు విప్పాలి, వాళ్ల కళ్లే ముందు చదవాలి. ఈ రెండింటినీ ఒకే తలుపు వెనక పెట్టి, ఆ తలుపు మీద గడియారం బొమ్మ వేయడం సరైన పని కాదని నా వాదన.

మా నాయనమ్మ ఇంట్లో క్యాలెండర్ ఎక్కడ ఉండేదో చెబితే నా మాట ఇంకా తేటగా అర్థమవుతుంది. అర్రలో కాదు, వంటింట్లో కాదు, గుమ్మం దాటి లోపలికి రాగానే కనబడే గోడకు. పాలవాడు చూసేవాడు, చాకలామె చూసేది, అప్పు వసూలుకు వచ్చినాయనా చూసేవాడు. ఉత్తరాలు మాత్రం వంచిన ఇనుప తీగకు గుచ్చి, లోపలి అర్రలో దూలానికి వేలాడేవి. ఇంటికి ఎవరొచ్చినా ఆ తీగ మీద చెయ్యి వేయరు. ఎవరూ ఎవరికీ నేర్పిన మర్యాద కాదది. ఎక్కడ ఏది ఉండాలో ఇల్లే చెబుతుంది. ఊళ్లో చాటింపు కూడా అంతే. డప్పు మోగితే బొడ్రాయి కాడ ఆగి, నాలుగు దార్లకూ వినబడేట్టు చెబుతారు, ఎందుకంటే ఆ మాట ఊరందరిదీ. ఒకరికి చెప్పాల్సిన మాటయితే ఆ ఒక్కరి ఇంటి ముందుకు వెళ్లి, పిలిచి, మెల్లగా చెబుతారు.

కంప్యూటర్లలో ఈ కలపడం ఎప్పుడు మొదలైందో చూస్తే అందులో దురుద్దేశం ఏమీ కనిపించదు. మంచి కారణమే ఉంది. విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపించే లినక్స్‌లో, తెర మీది అమరికగా బాగా వాడకంలో ఉన్న గ్నోమ్ డెస్క్‌టాప్ 2011లో మూడో తరంలోకి వచ్చినప్పుడు నోటిఫికేషన్లను తెర అడుగున దాచింది. మౌస్‌ను అడుగు అంచుకు తీసుకెళ్తే ఒక పట్టీ పైకి లేచేది. అక్కడ ఒక పట్టీ ఉందని కొందరికి తెలియనే తెలియదు. తెలిసినవాళ్లకేమో అక్కర్లేనప్పుడు లేచి అడ్డొచ్చేది. 2015 మార్చిలో వచ్చిన 3.16 వెర్షన్‌లో దాన్ని తీసేసి, కబుర్లన్నిటినీ తెర పైభాగం మధ్యలో ఉన్న గడియారం కిందికి తెచ్చారు. ఎడమ పక్క నోటిఫికేషన్లు, కుడి పక్క నెల, ఆనాటి పనులు. ఎక్కడో అడుగున పోగొట్టుకుంటున్న కబుర్లు కళ్లెదుటికి వచ్చాయి, అది నిజంగా మేలే. జరిగిపోయినవీ జరగబోయేవీ రెండూ కాలానికి సంబంధించినవే కాబట్టి గడియారం కింద చేర్చామన్న ఆలోచనలో తర్కం కూడా ఉంది. ఆ తర్కాన్ని గౌరవిస్తాను. అయితే అది తయారుచేసేవాడి అల్మారా తర్కం. వాడేవాడి చేతికి అది తెలియదు.

మ్యాక్‌లోనూ అదే దారి. 2012లో నోటిఫికేషన్ సెంటర్ వచ్చినప్పుడు దానికి కుడి మూలన విడిగా ఒక గుర్తు ఉండేది. 2020 నవంబర్‌లో వచ్చిన బిగ్ సర్ వెర్షన్ నుంచి గడియారం నొక్కితేనే అది తెరుచుకుంటుంది. నెల కనబడాలంటే క్యాలెండర్ విడ్జెట్‌ను, అంటే నెల చూపే చిన్న పలకను, మనమే అక్కడ పెట్టుకోవాలి. విండోస్ 10లో, అంటే 2015లో, గడియారం వేరు, కబుర్ల గుర్తు వేరు. 2016 నుంచి గడియారం నొక్కితే నెలతో పాటు ఆరోజు మనం రాసుకున్న పనులు కూడా కింద కనిపించేవి. 2021లో విండోస్ 11 వచ్చేసరికి రెండూ ఒక్క నొక్కుడులోకి వచ్చాయి. పైన నోటిఫికేషన్లు, కింద నెల. ఆ మార్పులోనే పనుల జాబితా పోయింది. క్యాలెండర్‌లో ఒక తేదీ మీద నొక్కితే ఆ అంకె చుట్టూ గీత పడేది, అంతకుమించి ఏమీ లేదు. కబుర్లకు చోటు పెరిగిన ప్యానెల్‌లో క్యాలెండర్ ఒట్టి అంకెల పలకగా మిగిలిపోయింది.

ఇక్కడ నాకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గుర్తొస్తుంది. మా ఊరికి ఆనుకునే ఉంటుంది. గర్భగుడిలో ఒక స్తంభం నీడ పగలంతా నిలబడే ఉంటుంది, సూర్యుడు ఎటు తిరిగినా. కట్టినవాళ్లు స్తంభాల దూరాలు, వెలుగు వచ్చే దారులు లెక్కగట్టి అలా నిలిపారు. బయట కదిలే సూర్యుడి లెక్కంతా వాళ్లు మోశారు, చూడవచ్చినవాడికి కదలని నీడను ఇచ్చారు. తెర మూలన ఉన్న గడియారం కూడా అలాంటిదే. విండోస్‌లో అది 1995 నుంచి కుడివైపు కింది మూలనే ఉంది. ఇన్నేళ్లు కదలకుండా ఉంది కాబట్టే చూడకుండా చెయ్యి అక్కడికి పోతుంది. అంత నమ్మిన చోట, నొక్కగానే వేరే సంగతి తెరుచుకుంటే మోసపోయేది ఆ నమ్మకమే.

నమ్మకం గురించి ఇంకో పాత సంగతి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో గడియారం మీద రెండుసార్లు నొక్కితే నెల కనబడేది. కానీ అది చూసే క్యాలెండర్ కాదు, సిస్టం తేదీ మార్చే పెట్టె. తేదీ చూద్దామని వెళ్లినవాళ్లు ఒక అంకె మీద నొక్కి ఓకే అన్నారంటే కంప్యూటర్ ఆ తేదీలోకి వెళ్లిపోయేది. తేదీ బాగా తప్పితే బ్రౌజర్ సురక్షిత వెబ్‌సైట్లను తెరవదు, సర్టిఫికెట్ చెల్లదంటుంది. అలా తేదీ మారిపోయిన కంప్యూటర్లను నేర్చుకునే రోజుల్లో నేను చాలానే సరిచేశాను. వాళ్లు తప్పుచేసినట్టు నాకు ఏనాడూ అనిపించలేదు. నెల చూపించే పెట్టె తెరుచుకుంటే అది చూడ్డానికే అనుకోవడం మనిషికి సహజం. తర్వాత 2007లో వచ్చిన విండోస్ విస్టా దాన్ని సరిదిద్దింది. ఒక్కసారి నొక్కితే చూసే క్యాలెండర్ వచ్చింది, మార్చే పెట్టె ఇంకో మెట్టు లోపలికి పోయింది. చూడ్డం వేరు, మార్చడం వేరు అని అప్పుడు ఒప్పుకున్నవాళ్లు, తేదీ వేరు, కబురు వేరు అని కూడా ఒప్పుకోవచ్చు.

ఇంత వాదన నేను ఒక్కణ్నే కూర్చుని చేసుకోలేదు. మా మేనల్లుడు బీటెక్ చదువుతున్నాడు, సెలవుల్లో దుకాణంలో కూర్చుంటాడు. వాడికి నా మాట నచ్చలేదు. "ఫోన్ల పైకెళ్లి కిందికి గుంజితే నోటిఫికేషన్లే గద మామా వచ్చేది? ఈడ గూడ గట్లనే ఉంటే ఏమైతది? నాకైతే గడియారం అంటేనే నోటిఫికేషన్లు" అన్నాడు. నిజమే. వాడి తరం కంప్యూటర్ కంటే ముందు ఫోన్ పట్టుకుంది. ఫోన్‌లో టైం ఉన్న పట్టీని కిందికి లాగితే కబుర్లొస్తాయి. వాడి చేతికి ఆ చోటు అదే నేర్పింది. నాకు మూలన ఉన్న గడియారం ఏం నేర్పిందో, అది వాడికి రాలేదు. అలవాటు అందరికీ ఒక్కటే అని నేను వాదిస్తే అది అబద్ధమవుతుంది.

వాడి మాటతో రెండు రోజులు తన్నుకులాడాను. చివరికి నాకు తోచింది ఇది. ఫోన్ జేబులోంచి తీసేది దాని మనిషే, చూసేదీ ఆ మనిషే. పక్కవాడు తొంగిచూస్తే అది పక్కవాడి తప్పు, ఫోన్ తిప్పేసుకుంటాం. అక్కడ తేదీ, కబురు ఒకేచోట ఉన్నా చూసే కళ్లు ఒక్కరివే. మా కౌంటర్ మీది తెరకు కళ్లు నలుగురివి. మీసేవా కేంద్రంలో, ఎరువుల దుకాణంలో, బడి ఆఫీసు గదిలో, ఒకే కంప్యూటర్ ఉన్న ఇంట్లో కూడా అంతే. ఒక కంప్యూటర్‌కు ఒకే మనిషి అన్న ఊహ మీద ఈ ప్యానెళ్లు కట్టారు. మా ఊళ్లో ఆ ఊహ పొద్దున షట్టర్ ఎత్తగానే తప్పిపోతుంది.

తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బొత్తిగా తెలియదనీ కాదు. లాక్ చేసిన తెర మీద కబురు లోపలి మాట కనబడకుండా చేసే సెట్టింగ్ విండోస్‌లో ఉంది, గ్నోమ్‌లో ఉంది, ఆండ్రాయిడ్‌లో ఉంది. తెరను ప్రొజెక్టర్‌కు కలిపి అదే బొమ్మ చూపిస్తున్నప్పుడు పాప్-అప్‌లు, అంటే కబురు రాగానే తెర మీద కాసేపు లేచి పోయే పెట్టెలు, ఆపే ఏర్పాటు విండోస్‌లో ఉంది. అంటే తెరను నలుగురు చూసే సమయాలుంటాయని వాళ్లకు తెలుసు. మీటింగ్ హాలు గుర్తుకొచ్చింది, కౌంటర్ గుర్తుకు రాలేదు. డూ నాట్ డిస్టర్బ్ పెట్టుకోమంటారు కొందరు. పెట్టి చూశాను. అది పాప్-అప్‌ను ఆపుతుంది కానీ కబురు నిశ్శబ్దంగా పోయి జాబితాలో కూర్చుంటుంది. గడియారం నొక్కగానే మళ్లీ అదే జాబితా. వీధి తలుపు వేసి పెరటి తలుపు బార్లా తీసినట్టు.

కబురు ఎంతసేపు నిలవాలన్నది ఇంకో పేచీ. ఇది కూడా నాకు అనుభవంలోకి వచ్చిందే. ఒక అమ్మాయి పరీక్ష ఫీజు ఆఖరి తేదీని నేను రిమైండర్‌గా పెట్టుకున్నాను. అది మోగిన వేళకు నేను లామినేషన్ మిషన్ దగ్గర ఉన్నాను. తిరిగొచ్చేసరికి తెర మీద ఏమీ లేదు. మర్నాడు ఆలస్య రుసుము నా జేబులోంచి కట్టాను. విండోస్‌లో పాప్-అప్ మామూలుగా 5 సెకన్లు నిలుస్తుంది. దాన్ని 5 నిమిషాల దాకా పెంచుకోవచ్చు. కానీ ఆ సెట్టింగ్ నోటిఫికేషన్ల కింద కాకుండా యాక్సెసిబిలిటీలో విజువల్ ఎఫెక్ట్స్ కింద ఉంటుంది. దుకాణంలో పనిచేసేవాడు అక్కడ వెతుకుతాడా? అప్లికేషన్ వేరే గడువు చెప్పకపోతే, జాబితాలోకి చేరిన కబురు కూడా 3 రోజుల తర్వాత దానంతటదే పోతుంది. శుక్రవారం మధ్యాహ్నం వచ్చినదాన్ని సోమవారం సాయంత్రం వెతికితే దొరకదు. గ్నోమ్ ఇందులో ఒక మంచి పని చేసింది. పాప్-అప్ వచ్చినప్పుడు కీబోర్డు, మౌస్ కదలకుండా ఉంటే మనిషి ఎదురుగా లేడని అర్థం చేసుకుని, వాళ్లు వచ్చి మౌస్ కదిపేదాకా దాన్ని నిలిపి ఉంచుతుంది. పిలిస్తే పలకకపోతే గుమ్మంలో కాసేపు నిలబడే చుట్టంలాగా. లినక్స్ డెస్క్‌టాప్‌లు పాటించే ఉమ్మడి నియమాల్లో కబురుకు 3 స్థాయిలున్నాయి: తక్కువ, మామూలు, అత్యవసరం. అత్యవసరమైనదాన్ని మనిషి చూసి మూసేదాకా తీసేయకూడదని కూడా అందులోనే ఉంది. నియమం చక్కగా ఉంది. కాకపోతే ఆఖరి తేదీ రిమైండర్‌ను అత్యవసరంగా పంపాలని అప్లికేషన్ రాసేవాడికి తోచాలి.

ఇక తెలుగు. నేను అన్నిటికంటే ఎక్కువ బాధపడే చోటు ఇదే, దీని గురించి మాట్లాడేవాళ్లను నేను పెద్దగా చూడలేదు కూడా. నోటిఫికేషన్ పెట్టె చిన్నది. మాట పట్టకపోతే చివర కత్తిరించి మూడు చుక్కలు పెడుతుంది. ఇంగ్లీషులో కాదనే మాట వాక్యం మధ్యలోనే, క్రియ కంటే ముందే వచ్చేస్తుంది. చివర తెగినా అవునో కాదో చాలావరకు తెలిసిపోతుంది. తెలుగులో అవునూ కాదూ రెండూ వాక్యం ఆఖర్న, క్రియ తోకలో ఉంటాయి. కత్తెర సరిగ్గా అక్కడే పడుతుంది. "మీ దరఖాస్తును పరిశీలించి అర్హత ఉన్నట్టు గుర్తించ…" అని వచ్చిందనుకోండి. గుర్తించడమైనదా, గుర్తించలేదా? "రేపు పాఠశాలలకు సెలవు ఉండ…" అని ఉంటే ఉండవచ్చునా, ఉండదా? మూడు చుక్కల వెనక ఒకరి పింఛను, ఒకరి సీటు, ఒకరి ప్రయాణం దాగి ఉంటాయి. ఆ పెట్టెను చూసి ముఖం వెలిగిపోయి, విప్పి చదివాక ఆ వెలుగు ఆరిపోయిన మనుషులను నేను ఎదురుగా చూశాను.

దీనికి మందు లేకపోలేదు. మ్యాక్‌లో ఫైలు పేరు పొడవైతే చివర కోయరు, మధ్యలో కోస్తారు, ఆఖరున ఉండే ఫైలు రకం కనబడాలని. ఫైలు పేరుకు తోక ముఖ్యమని గుర్తించినవాళ్లు తెలుగు వాక్యానికి కూడా తోకే ముఖ్యమని గుర్తించగలరు. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, జపనీస్, అన్నీ క్రియ చివర వచ్చే భాషలే. కోట్లమంది చదివే భాషలకు మధ్యలో కత్తిరించే పద్ధతి ఒకటి పెట్టడం గొంతెమ్మ కోరిక కాదు. ఇంకొకటి, వరుసల మధ్య ఎడం. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఇంగ్లీషు కొలతతో పెట్టె గీస్తే "స్త్రీ" లాంటి మాటకు పైనో కిందో తెగుతుంది. తెగిన వత్తుతో వచ్చిన పేరును చదివి, "నా పేరు తప్పు పడ్డది" అని కంగారుపడ్డ అవ్వలున్నారు.

తెలుగుకు ఒక చిన్న మేలు కూడా ఉంది, దాన్ని కూడా చెప్పుకోవాలి. ప్యానెల్ క్యాలెండర్లో వారాల పేర్లకు ఒక్క అక్షరమే పట్టే చోటుంటే ఇంగ్లీషులో ఎస్ రెండుసార్లు, టీ రెండుసార్లు వస్తాయి. ఏ టీ మంగళవారమో, ఏ టీ గురువారమో వరసను బట్టి తెలుసుకోవాలి. తెలుగులో ఆ, సో, మం, బు, గు, శు, శ. ఏడూ వేరువేరు. మా నాన్నకు ఆ వరస చూపిస్తే వెంటనే చదివాడు. వారం ఎక్కడ మొదలవుతుందన్నది మాత్రం చూసుకోవాలి. తేదీ ముందు, నెల తర్వాత రావాలని చాలామంది సిస్టంలో బ్రిటన్ ఇంగ్లీషు పెట్టుకుంటారు. దాంతో వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. మన గోడ క్యాలెండర్ ఆదివారంతో మొదలవుతుంది. చివరి నిలువు వరస శనివారం అనుకుని గబుక్కున చూసేవాడు ఆదివారం తేదీని చెప్పేస్తాడు. రెండో శనివారం ఎప్పుడూ 8కీ 14కీ మధ్యే పడుతుంది, కానీ రెండో ఆదివారమూ అంతే కదా. ఆ తేడా అంకెను చూసి పట్టుకోలేం.

మరి నేనేం చేశాను? కౌంటర్ మీది కంప్యూటర్ మార్చలేదు, సిస్టం మార్చాను. లినక్స్‌లోనే ఇంకో రకమైన లినక్స్ మింట్ సినమన్‌లో గడియారం నొక్కితే నెల ఒక్కటే వస్తుంది. కబుర్లకు వేరే గుర్తు ఉంది, దాన్ని పట్టీలో నాకు కావలసిన చోటుకు జరుపుకోవచ్చు. లినక్స్‌లోని మరో అమరిక కెడిఇ ప్లాస్మాలోనూ అంతే, గడియారం కింద క్యాలెండర్, కబుర్లు వేరే చోట. గ్నోమ్‌ను తీసిపారేయాలని నేను అనడం లేదు, వెనక గదిలోని నా సొంత కంప్యూటర్‌లో ఇప్పటికీ అదే ఉంది. అక్కడ చూసేది నేనొక్కణ్నే. సూపర్ (కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట), వి కలిపి నొక్కితే జాబితా వస్తుంది, హాయిగా ఉంటుంది. మేనల్లుడికి కౌంటర్ మీది కొత్త పద్ధతి వారం రోజులు చిరాకు తెప్పించింది. గడియారం నొక్కి, కబుర్లు రాక, మళ్లీ వెతుక్కునేవాడు. వాడి వారం రోజుల చిరాకు, ఆమె నాతో అన్న ఆ ఒక్క మాట, రెండూ ఒక తూకం కావు.

తయారుచేసేవాళ్లు నన్ను అడిగితే రెండు కోరుకుంటాను. గడియారం కింద కబుర్లు ఉండాలని అంత పట్టుదల ఉంటే ఉంచండి, కానీ ప్యానెల్ తెరుచుకోగానే ఏ అప్లికేషన్ నుంచి ఎన్ని వచ్చాయో అంతవరకే కనబడాలి. మెయిల్, రెండు. పేరు, మాట, రిపోర్టు ఇంకోసారి నొక్కితే రావాలి. ఆ ఒక్క నొక్కుడు నాకు తెరను నా వైపు తిప్పుకునే సమయమిస్తుంది. గ్నోమ్ 48లో ఒకే అప్లికేషన్ నుంచి వచ్చినవాటిని ఒక కట్టగా పేర్చడం మొదలుపెట్టారు, 2025లో. ఆ కట్టకు పైన ఒక ముసుగు వేస్తే చాలు. రెండోది, క్యాలెండర్ మీద రాసుకోనివ్వండి. మా నాన్న గోడ క్యాలెండర్ చూస్తే గ్యాస్ బండ వచ్చిన తేదీ, పాలు రాని రోజులకు సున్నాలు, బత్తాయి తోటకు మందు కొట్టిన రోజు, ట్రాక్టర్ కిరాయి బాకీ, అన్నీ ఆ గడుల్లోనే పెన్సిల్‌తో ఉంటాయి. క్యాలెండర్ అంటే ఆయనకు ఏడాది పొడుగునా రాసుకునే పుస్తకం. తేదీ మీద నొక్కితే రెండు మాటలు రాసుకునే చోటు అక్కడికక్కడే తెరుచుకోవాలి. వేరే అప్లికేషన్, దానికో ఖాతా, దానికో పాస్‌వర్డ్ అంటే ఆయన పెన్సిలే తీసుకుంటాడు.

తిథుల సంగతి ఒక్కటి చెప్పి ఆపుతాను. విండోస్ టాస్క్‌బార్ క్యాలెండర్‌లో ఇంకో క్యాలెండర్ కలుపుకునే సెట్టింగ్ ఉంది, విండోస్ 10 నుంచీ. అందులో దొరికేది చైనా చాంద్రమానం. అంటే గడిలో ఇంకో వరస పట్టదు అన్న సాకు చెల్లదు, పట్టించారు. అయితే మన తిథి ఇంకొంచెం పెంకిది. అది అర్ధరాత్రి మొదలై అర్ధరాత్రి ముగియదు. సుమారు 20 గంటల నుంచి 26 గంటలకు పైగా దాకా సాగుతుంది, పగలైనా రాత్రైనా ఏ వేళకైనా మారుతుంది. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే రోజుకు ఆ పేరు పెట్టి, అది ఎన్ని గంటలకు వెళ్లిపోతుందో పక్కన అచ్చువేయడం గోడ క్యాలెండర్ వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పని. కంప్యూటర్ గడి ఆ రెండు ముక్కలు రాసుకోగలిగితే ఇక్కడ దానికి మర్యాద పెరుగుతుంది.

మొన్న ఆ పెద్దాయనే మళ్లీ వచ్చాడు. ఈసారి నాలుగో శనివారం అడిగాడు. గడియారం నొక్కాను, తెల్లటి పెట్టెలో నెల ఒక్కటే వచ్చింది. వేలు పెట్టి చూపించాను. ఆయన వంగి చూసి, తలూపి, "అమాస ఎన్నడు బిడ్డా? బోరు దింపుదామనుకుంటున్న, దాని ముంగట వద్దంటున్నరు ఇంట్ల" అన్నాడు. నేను తెర వదిలేసి, వెనక్కి తిరిగి, గోడకున్న క్యాలెండర్‌లో ఆ నెల కాగితం పైకెత్తాను.